కాటా మీది పేరు

మా ఇంటిపేరు ఫ్రెంచిది. మేం ఫ్రెంచివాళ్లం కాము. ఈ రెండు ముక్కలూ ఒకరి బుర్రకెక్కించడానికి అమెరికా వచ్చిన దగ్గర్నుంచి నేను పడ్డ ప్రయాస ఇంతా అంతా కాదు. పడమటి తీరాన బాతెల్‌లో నేను పనిచేసే మందుల కంపెనీలో కొత్తగా చేరినవాళ్లు ఈమెయిల్లో నా పేరు చూసి, ఎవరో బంగారు జుట్టు మనిషి వస్తుందనుకుంటారు. మీటింగ్ గదిలోకి నేను అడుగుపెడితే నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూస్తారు. వాళ్లతో పేచీ లేదు, ఓ నవ్వు నవ్వితే సరిపోతుంది. పేచీ అంతా మనవాళ్లతోనే.

రెడ్‌మండ్‌లో ఎవరింట్లోనో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరుగుతుంటుంది. పచ్చడి బాగుంది అంటూ మొదలైన మాటలు మన ఊరేది అనే దాకా వచ్చి, అక్కడి నుంచి తిన్నగా ఇంటిపేరు దగ్గర ఆగుతాయి. నేను చెబుతాను. అవతలి మొహంలో చిన్న గందరగోళం. "అది కాదండీ, అసలు ఇంటిపేరు?" అంటారు. 'అసలు' అనే మాట దగ్గర గొంతు కాస్త తగ్గుతుంది. వాళ్లకి కావలసింది ఇంటిపేరు కాదని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. అయినా ఇద్దరం పెద్దమనుషుల్లా పులిహోర తింటూ నిలబడతాం.

అప్పుడు నేను మా నాన్న నేర్పిన కథ చెప్పేదాన్ని. యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో గోదావరి వరదలో ఒక దొరగారి పడవ తిరగబడింది. మా ముత్తాత నీళ్లలోకి దూకి ఆ దొరని జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడు. పిల్లలు లేని ఆ దొర సంతోషించి తన ఇంటిపేరు మా ముత్తాతకి ఇచ్చేశాడు. ఈ కథ వినగానే అందరి మొహాలూ విప్పారేవి. దొర పక్కకి చేరాక 'అసలు' అన్న మాట ఇంక ఎవరికీ గుర్తొచ్చేది కాదు. నాకు యాభై ఏళ్లు వచ్చేదాకా ఆ కథ నేను చెప్పడమే కాదు, నమ్మాను కూడా.

పోయిన ఏడాది అమెరికా పౌరసత్వానికి అప్లై చేద్దామని కూర్చున్నాను. ఆ ఫారంలో ఒకచోట, మీ పేరు చట్టబద్ధంగా మార్చుకోవాలనుకుంటున్నారా అని అడుగుతారు. అవునంటే కొత్త పేరు రాయాలి, కాదంటే ముందుకి పోవాలి. మా ఆయన పక్కన కాఫీ తాగుతూ తొంగి చూశాడు. "నాది పెట్టేసుకో, గొడవ వదిలిపోతుంది. మా ఇంటిపేరు చెబితే ఎవరూ రెండో ప్రశ్న అడగరు" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. ఇరవై ఏళ్లుగా నా అవస్థ చూస్తున్న మనిషి. అయినా నాకు చివుక్కుమంది. తనని రెండో ప్రశ్న ఎవరూ అడగరన్న సంగతి ఆయన అంత తేలిగ్గా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. నిజం చెప్పొద్దూ, అయినా సరే 'అవును' నొక్కబోయాను. వివరించి వివరించి విసిగిపోయాను మరి.

నా ఉద్యోగం రిపోర్టులు సరిచూడటం. ఆధారం లేని వాక్యం కనిపిస్తే దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టనిదే నా చెయ్యి ఊరుకోదు. పోగొట్టుకోబోయేది ఏమిటో తెలియకుండా పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు. ఫారం అక్కడే ఆపి, ఏ ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, ఇప్పుడు ఎంతమందికి ఉందో చూపించే వెబ్‌సైట్ ఒకటి తెరిచాను.

ఫ్రాన్స్ పటం వచ్చింది. వందేళ్ల కిందటి పటంలో తూర్పు మూల ఒకే ఒక్క జిల్లాలో గుప్పెడు చుక్కలు. ఆ తర్వాతి పటంలో అవి రెండు మూడుకి దిగాయి. చివరి పటంలో ఒక్కటీ లేదు, కాగితం తెల్లగా ఉంది. పేరు ఎలా పుట్టిందన్న చోట, ఏదో కొండవాలు పొలం పేరు నుంచి వచ్చి ఉండవచ్చు, నిర్ధారణ లేదు అని రాశారు. కింద మిగతా దేశాల జాబితా ఉంది. ఇండియాలో కొద్దిమంది. అమెరికాలో ఇద్దరు.

ఇద్దరిలో ఒకదాన్ని నేను. మా నాన్న అప్పుడు ఆరు నెలల విజిటర్ వీసా మీద మా ఇంట్లోనే ఉన్నాడు కానీ చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆ లెక్కలోకి రారు. మరి ఆ రెండో మనిషి ఎవరు?

ముందు నాన్ననే అడిగాను. దొరగారిది ఏ ఊరు నాన్నా అంటే, పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా అన్నాడు. ఏం ఉద్యోగం చేసేవాడు అంటే డాక్టరన్నాడు. వారం తర్వాత కూరగాయలు తరుగుతూ మళ్లీ అడిగితే జడ్జీ అన్నాడు. నా చిన్నప్పుడు ఆయన సర్వేయరని చెప్పినట్టు నాకు బాగా గుర్తు. ఒక మనిషి ఇన్ని ఉద్యోగాలు చేస్తూ పడవల్లో ఎప్పుడు తిరిగాడో నాకు అర్థం కాలేదు. దొర మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఈ సంగతి తేలేదాకా ఆ ఫారం ముట్టుకోనని మా ఆయనకి చెప్పేశాను.

రెండో మనిషి న్యూజెర్సీలో ఉన్నాడు. ఫోన్ నంబరు దొరకడానికి రెండు వారాలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున్న చేశాను. ఇంగ్లీషులో నా పేరు చెప్పి, మీదీ ఇదే పేరు కదా అన్నాను. అవతల ఒక పెద్దాయన గొంతు. "ఆయ్, తెలుగేనా అమ్మా?" అన్నాడు.

ఆ 'ఆయ్' వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది అచ్చంగా మా గోదావరి యాస. ఏ ఫ్రెంచి ముసలాయనో ఎత్తుతాడనుకుంటే మా ఊరి మనిషి ఎత్తాడు. ఆ ఆనందంలో, ఆ కంగారులో, నా నోటి నుంచి మొట్టమొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? మీ అసలు ఇంటిపేరు ఏంటండీ అని అడిగాను.

అవును, నేనే అడిగాను. ఇరవై ఏళ్లుగా పాట్‌లక్కుల్లో ఎవరి నోట విన్నా ఒళ్లు మండే ప్రశ్న, నా నోట ఎంత సునాయాసంగా వచ్చిందో.

ఆయన, గొంతు పెంచకుండా, "ఆ ప్రశ్న ఎవరూ అడక్కూడదనే కదమ్మా, మా తాత ఈ పేరు పెట్టుకుంది" అని ఫోన్ పెట్టేశాడు.

సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అయితే సిగ్గు ఎంతగా ఉన్నా, ఆయన మాటలో ఒక ముక్క నన్ను వదల్లేదు. పెట్టుకుంది అన్నాడు. దొర ఇచ్చింది అనలేదు.

ఉత్తరం రాశాను. కాగితం మీద, తెలుగులో. మొదటిదాంట్లో కంగారులో అన్నానని, అలవాటులో అన్నానని చాలా సంజాయిషీలు రాసుకున్నాను. చదువుకుంటే నాకే రోత పుట్టి చింపేశాను. రెండోది నాలుగు వాక్యాలు. తప్పు నాది. ఆ ప్రశ్న నన్ను అడిగితే నాకూ ఇలాగే ఉంటుంది. ఈ పేరు ఉంచుకోవాలా వదులుకోవాలా అన్నది నేను ఇప్పుడు తేల్చుకోవాలి. మీకు తెలిసింది చెబుతారా. నెల రోజులు జవాబు లేదు. మరో ఉత్తరం రాశాను. దానికీ లేకపోతే ఇంకోటి రాద్దామని కాగితం తీసి పెట్టుకున్న రోజున పోస్టుకార్డు వచ్చింది. "వస్తే టిఫిన్ పెట్టిస్తాను. ప్రశ్నలు మాత్రం నేను అడుగుతాను" అని రాసి ఉంది.

ఒక పేరు కోసం దేశం ఈ చివర నుంచి ఆ చివరకి వెళతావా అని మా ఆయన ఆశ్చర్యపోయాడు. వెళతానన్నాను. నాన్నకి మాత్రం ఆఫీసు పని అని చెప్పాను. ఆయనకి కథలు చెప్పడం నాకు అలవాటు లేదు, మొహం చూడకుండా చెప్పాను.

న్యూజెర్సీ ఐసెలిన్‌లో చీరల కొట్టుకీ నగల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న టిఫిన్ హోటల్ అది. శనివారం కావడంతో జనం కిటకిటలాడుతున్నారు. మూల బల్ల దగ్గర సన్నటి పెద్దాయన, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఓడల ఇంజన్ల దగ్గర పనిచేసి, పెద్దయ్యాక ఈ దేశంలో దిగిపోయాడట. పెళ్లి చేసుకోలేదు. పెసరట్టు చెప్పి, తన ప్రశ్న అడిగాడు. ఈ పేరు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?

దొర కథ చెప్పాను. వరద, పడవ, జుట్టు, అన్నీ. ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి పొలమారి నీళ్లు తాగాల్సి వచ్చింది. నాకూ నవ్వొచ్చింది.

"మా తాతా మీ ముత్తాతా ఎవర్నీ రక్షించలేదమ్మా. వాళ్లని వాళ్లే రక్షించుకున్నారు" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. ఇద్దరూ యానాం రేవులో కళాసీలు. ఓడలకి బస్తాలు ఎత్తే పని. వాళ్లకి బంధుత్వం ఏమీ లేదు, వీపు మీద ఒకే బరువు మోసిన స్నేహం. అప్పట్లో ఫ్రెంచివాళ్ల పాలనలో ఒక ఏర్పాటు ఉండేది. కావాలనుకున్నవాడు ఆఫీసుకి వెళ్లి, ఇకపై కులాచారం, దాని కట్టుబాట్లు తనకి వర్తించవని, ఫ్రెంచి చట్టమే తన చట్టమని రాసి ఇవ్వొచ్చు. ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ కాగితంలో ఇంటిపేరు ఒకటి రాయించుకోవాలి. యానాంలో ఆ సాహసం చేసినవాళ్లు తక్కువే. వీళ్లిద్దరూ ఒకే రోజు వెళ్లారు.

ఏ పేరు రాయమంటారు అని గుమాస్తా అడిగితే, వీళ్లు ఆయన్ని రేవు దగ్గరకి తీసుకువెళ్లారట. గోదాము ముందు పెద్ద కాటా ఉండేది. ఫ్రాన్స్ నుంచి ఓడలో దిగిన కాటా. దాని ఇనుప పలక మీద, దాన్ని తయారుచేసినవాడి పేరు పోతపోసి ఉండేది. ఇద్దరికీ చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, ఇదే రాయండి అన్నారట.

ఎన్ని పేర్లు లేవు, అదే ఎందుకు అని అడిగాను. ప్రశ్నలు నావి కావని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. ఆయన ఈసారి ఏమీ అనుకోలేదు.

"ఎవడు మోసుకొచ్చినా బస్తా బరువు ఒకేలా చూపించేదంట ఆ కాటా. రేవు మొత్తం మీద మనల్ని మనిషిలా చూసింది అదొక్కటే అనేవోడు మా తాత."

నేను చెయ్యి కడుక్కునే మిషతో లేచి వెళ్లి, అద్దం ముందు ఏడ్చి వచ్చాను. దుఃఖం కాదది. నా ముత్తాత మీద గర్వం, యాభై ఏళ్లు ఆయన్ని దొర జుట్టు పట్టుకుని ఈదించినందుకు కోపం, రెండూ కలిసి వచ్చాయి. నాకు ఆ పటంలో తూర్పు మూల చుక్కలు గుర్తొచ్చాయి. అక్కడెక్కడో కాటాలు పోతపోసిన ఇల్లు అది. ఆ వంశం పుట్టినచోట ఆరిపోయింది. పటం తెల్లబడిపోయింది. ఆ పేరు ఈవేళ భూమ్మీద మిగిలిందంటే, చదవడం రాని ఇద్దరు కళాసీలు దాన్ని ఎత్తుకొచ్చినందువల్లే.

ఆయన సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఓడ మీద పనిచేసే రోజుల్లో ఫ్రాన్స్‌లో ఒక రేవులో నెల రోజులు ఆగిపోతే, పాత వలసపాలన రికార్డులు దాచే చోటుకి రాసి తెప్పించుకున్నదానికి నా కోసం తీసిన కాపీ. చక్కటి గుండ్రటి చేతిరాత. ఇద్దరు మనుషుల వివరాలు, ఇద్దరికీ సంతకం రాదన్న మాట, కింద గుమాస్తా సంతకం. మా ఇంటిపేరు రెండుచోట్ల స్పష్టంగా ఉంది. మధ్యలో మాత్రం, ఇద్దరి పాత పేర్లూ ఉండాల్సిన చోట, నల్లటి గీతలు.

అవి తనే కొట్టేశానన్నాడు. మందపాటి పెన్నుతో, రెండుసార్లు. ఈ కాపీలోనే కాదు, తన దగ్గరున్నదాంట్లో కూడా.

"వాళ్లు వద్దనుకుని పోయినదాన్ని మళ్లీ మనం చదువుకోవడమెందుకమ్మా" అన్నాడు. తర్వాత, ఒకటే ఇంటిపేరు కాబట్టి ఇకనుంచి తనని బాబాయ్ అని పిలవమన్నాడు. రక్తసంబంధం లేకపోతే ఏం, వరసంటూ ఒకటి ఉండాలి కదా అన్నాడు. బాబాయ్ అన్నాను. రెండో పెసరట్టు కూడా తినిపించి పంపాడు.

తిరుగు విమానంలో కిటికీ పక్క సీటు. ఎండ నేరుగా ఒళ్లో పడుతోంది. కాగితం ఆ వెలుతురుకి పట్టి చూస్తే గీతల కింద అక్షరాలు కనపడతాయేమోనన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. రెండుసార్లు వచ్చింది. కాగితం మడిచి సంచి అడుగున పెట్టి, దాని మీద స్వెట్టర్ పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కాగితం నాన్న ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఫ్రెంచి ఆయనకీ రాదు. అయినా మా పేరు దగ్గర వేలు ఆగింది. ఎక్కడిదని అడగలేదు. "ఆ రెండో ఇంటివాళ్లు ఓడల్లోకి పోయారని విన్నాను. ఉన్నారన్నమాట" అన్నాడు.

అంటే ఆయనకి మొదటి నుంచీ తెలుసు. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. నా చేత ఇన్నేళ్లు అబద్ధం చెప్పించావు నాన్నా అన్నాను. నా కూతురి చేత కూడా స్కూల్లో ఆ దొర బొమ్మ గీయించాం అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మెల్లగా చెప్పాడు. కాకినాడలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, అమ్మ కడుపుతో ఉండగా, అద్దె ఇంటి కోసం తిరిగారట. ప్రతి గుమ్మం దగ్గరా ముందు ఇంటిపేరే అడిగేవారు. చెబితే, అసలుది చెప్పమనేవారు. మాది ఇదేనండీ, ఇంకోటి లేదండీ అంటే, ఇల్లు ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవారు. అలా ఆరిళ్లు.

"ఏడో ఇంటి దగ్గర దొర పుట్టాడమ్మా. ఎలా వచ్చాడో నాకే తెలీదు, నోట్లోంచి వచ్చేశాడు. ఆవిడ లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చింది. నువ్వు పుట్టింది ఆ ఇంట్లోనే."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు, పక్కన నిండు చూలాలు, ఏడో గుమ్మం. ఆయన స్థానంలో నేనుంటే ఇద్దరు దొరల్ని పుట్టించేదాన్ని. ఆ మాటే ఆయనతో అన్నాను. కొద్దిగా నవ్వాడు. అయినా సరే నాన్నా, ఇంక నేను ఆ కథ చెప్పను అన్నాను. ఆయన తల ఊపాడు గానీ, తన సంగతి మాత్రం హామీ ఇవ్వలేనన్నాడు. ఈ వయసులో నోటి అలవాటు పోదమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఉండగానే ఫారం తెరిచాను. పేరు మార్చుకోవాలనుకుంటున్నారా? కాదు. నొక్కి ముందుకి పోయాను. మా ఆయన తొంగి చూశాడు. కాటా మీద పేరున్న మనిషితో కాపురం చేస్తున్నానా ఇన్నాళ్లూ, అందుకే ఒక్క గ్రాము తేడా వస్తే ఊరుకోవు అన్నాడు. ఆయన పద్ధతిలో అది క్షమాపణ. తీసుకున్నాను.

నాన్న తిరిగి వెళ్లడానికి వారం ముందు రెడ్‌మండ్‌లో మా స్నేహితులు భోజనానికి పిలిచారు. అక్కడ వాళ్ల మామగారు, కొత్తగా ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన, నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నారు. కబుర్లలో మోకాళ్ల నొప్పులు అయ్యాయి, ఇక్కడి చలి అయింది. నేను బల్ల దగ్గర పులిహోర వడ్డించుకుంటుండగా వినబడింది. తమరి ఇంటిపేరేమిటన్నారండీ?

నాన్న చెప్పాడు. అదేమిటండీ, ఫ్రెంచిలా ఉందే అన్నారాయన. నా చేతిలో గరిటె ఆగిపోయింది. వెళ్లి మాట మార్చేద్దామా అనిపించింది. డెబ్బై ఆరేళ్ల నాన్నని ఆ ప్రశ్నకి అలా వదిలేయడం న్యాయమా అనిపించింది. అయినా కదల్లేదు. ఇప్పుడు దొర నీళ్లలో పడితే పడనీ, అది ఆయన ఇష్టం అనుకున్నాను.

"అవునండీ. మా తాత యానాం రేవులో బస్తాలు మోసేవాడండీ. కాటా మీదున్న పేరు చూసి పెట్టుకున్నాడు" అన్నాడు నాన్న.

ఆ పెద్దాయన ఓహో అన్నారు. గొంతు కాస్త తగ్గించి, "అది కాదండీ, అంతకుముందు అసలు ఇంటిపేరు?" అన్నారు.

నాన్న గొంతు తగ్గించలేదు. హాల్లో అందరికీ వినబడేలా, అడ్రసు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"అది కొట్టేశామండీ."